ఇంటి నుండి గేటు దాకా సైకిలు బాట: దానం కాదు, మన హక్కు



రాత్రి రెండో షిఫ్టు విడిచే వేళ పీణ్య పారిశ్రామిక వాడలో ఏ గేటు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. సైరన్ మోగుతుంది. కంపెనీ బస్సు ఉన్నవాళ్ళు బస్సెక్కుతారు. మోటారు సైకిలు ఉన్నవాళ్ళు బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోతారు. చివరకు మిగిలేది నడిచిపోయేవాళ్ళూ, సైకిలు తొక్కేవాళ్ళూ. ఖాళీ క్యారేజీ హ్యాండిలుకు తగిలించుకుని, లారీలు దూసుకుపోయే గాలికి తూలుతూ తుమకూరు రోడ్డు అంచు పట్టుకుని పోయే ఆ మనిషి, ఎనిమిది గంటలు మిషను దగ్గర నిలబడి వస్తున్నాడు. మిషను దగ్గర అతనికి ఒక గార్డు ఉంది. తిరిగే బెల్టుకు, పళ్ళ చక్రానికి కంచె కట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుండీ రూలు ఉంది. ఆ కంచె లేకపోతే మనం మిషను ఆపుతాం, ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు రాస్తాం, అవసరమైతే గేటు మీటింగు పెడతాం. అదే మనిషి గేటు దాటి రోడ్డెక్కితే, పది టన్నుల లారీకీ అతని మోకాలికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. అక్కడ కంచె ఏదని అడిగేవాడు లేడు. మన యూనియన్లు కూడా అడగలేదు.

ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే. ఇంటి నుండి గేటు దాకా ఉన్న దారి కూడా మన పనిచోటే. ఆ దారిలో సైకిలుకు విడిగా, గట్టు కట్టిన బాట వేయాలి. వేయవలసింది ప్రభుత్వం, ప్రజాధనంతో. ఇది వ్యాయామం కోసం అడుగుతున్న సరదా కాదు. జీతం, భద్రత లాగానే ఇదీ ఒక కార్మిక డిమాండు.

బిళ్ల కట్టించుకున్నారు, బాట మాత్రం వేయలేదు

బెంగళూరు మిల్లు కార్మికునికి సైకిలు కొత్త కాదు. మాగడి రోడ్డు పక్క బిన్నీ మిల్లు, మల్లేశ్వరం అంచున రాజా మిల్లు, మినర్వా మిల్లు నడిచిన కాలంలో కాటన్‌పేట, అక్కిపేట, బిన్నీపేట వీధుల నుండి మనుషులు కాలినడకనో సైకిలు మీదో పనికి పోయేవాళ్ళు. హిందూపురం, మడకశిర, మదనపల్లె, కోలారు వైపుల నుండి వచ్చిన మనవాళ్ళు మొదటి బోనసుతో కొన్నది చాలా ఇళ్ళలో సైకిలే. దాని మీదే బియ్యం మూట వచ్చింది, దాని మీదే బిడ్డ బడికి పోయింది, దాని మీదే గర్భిణిని ఆస్పత్రికి తీసుకుపోయారు.

పాత తరంవాళ్ళకు ఇంకొక సంగతి గుర్తుండాలి. ఆ రోజుల్లో సైకిలుకు పన్ను ఉండేది. ఏడాదికొకసారి డబ్బు కట్టి, పురపాలక సంఘం ఇచ్చిన బిళ్ల సైకిలుకు బిగించుకోవాలి. బిళ్ల లేకపోతే జరిమానా. దీపం లేకపోతే పోలీసు ఆపి టైరులో గాలి తీసేవాడు. వెనక మనిషిని ఎక్కించుకుంటే అదొక కేసు. "సైకిలు తొక్కేవాళ్ళు పన్ను కట్టరు, వాళ్ళకు రోడ్డెందుకు" అని ఈ రోజు కార్లలో కూర్చుని మాట్లాడేవాళ్ళు ఈ చరిత్ర వినాలి. మన తండ్రులూ తాతలూ సైకిలు పన్ను కట్టారు. ఆ డబ్బుకు ప్రతిఫలంగా ఒక గజం బాట కూడా చూడకుండా పోయారు.

ఇప్పుడైనా పన్ను కట్టనిది ఎవరు? సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా జీఎస్‌టీ కడుతున్నాం. సైకిలు మీదే 12 శాతం జీఎస్‌టీ ఉండేది. 2025 సెప్టెంబరులో దాన్ని 5 శాతానికి తగ్గించారు. తగ్గించినందుకు సంతోషం. కానీ సైకిలు చవకైనంత మాత్రాన దాన్ని తొక్కే చోటు దొరకదు.

రాజా మిల్లు ఉన్న చోట 2010లో మాల్ తెరిచారు. బిన్నీ భూముల్లో అపార్టుమెంట్లు లేచాయి. మిల్లులు పోయాయి గాని మిల్లు పని పోలేదు. అది గార్మెంటు ఫ్యాక్టరీల రూపంలో పీణ్యకు, మైసూరు రోడ్డుకు, బొమ్మనహళ్ళికి, హోసూరు రోడ్డుకు పోయింది. అక్కడ మిషను ముందు కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఫ్యాక్టరీ నగరం అంచుకు జరిగింది. అద్దె భరించలేక మన ఇల్లు ఇంకా దూరం జరిగింది. ఈ రెండింటి మధ్య దూరం పెరిగినప్పుడల్లా ఆ ఖర్చు మన జీతంలో నుండే పోయింది. ఏ యాజమాన్యమూ దాన్ని కోత అని జీతం చీటీలో రాయదు. కానీ అది కోతే.

గేటు బయట జరిగితే మాది కాదు

దారి కూడా పనిచోటే అన్న మాట కొందరికి అతిగా అనిపించవచ్చు. ఇది నా కల్పన కాదు. ఈ దేశంలో కార్మికులు దశాబ్దాల పాటు కోర్టుల్లో పోరాడిన విషయం. ఒక కేసు చెబుతాను. అందులో ఉన్నది కూడా ఒక సైకిలే.

1971 జూన్ నెల. కేరళలో కొరట్టి అనే ఊళ్ళోని ఫ్యాక్టరీకి ఒక కార్మికుడు సైకిలు మీద డ్యూటీకి పోతున్నాడు. షిఫ్టు సాయంత్రం నాలుగున్నరకు. సమయం నాలుగుంబావు. ఫ్యాక్టరీ ఇంకా కిలోమీటరు దూరం ఉంది. అక్కడ ఒక లారీ అతన్ని కొట్టింది. ఆ లారీ ఎవరిదో కాదు, అతను పనిచేసే కంపెనీదే. కార్మికుడు గాయపడి ఇఎస్‌ఐ ప్రయోజనం అడిగాడు. కింది కోర్టులు అతని పక్షాన నిలిచాయి. కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. ప్రమాదం జరిగిన 25 ఏళ్ళకు, 1996లో, తీర్పు వచ్చింది: పనికి పోయే దారిలో తగిలిన దెబ్బ పనిలో తగిలిన దెబ్బ కాదు.

పావుగంటలో మిషను దగ్గర ఉండాల్సిన మనిషిని, కంపెనీ లారీయే గుద్దినా, "గేటు బయట కాబట్టి మాకు సంబంధం లేదు" అన్నారు. ఆలస్యమైతే జీతం కోసేటప్పుడు మాత్రం అతను ఇంటి నుండి ఎప్పుడు బయలుదేరాడో యాజమాన్యానికి సంబంధం ఉంటుంది!

ఈ అన్యాయం సరిదిద్దడానికి 2010 దాకా పట్టింది. ఆ ఏడాది ఇఎస్‌ఐ చట్టంలో 51-ఇ అనే సెక్షను చేర్చారు. ఇంటికీ పనిచోటుకూ మధ్య జరిగిన ప్రమాదాన్ని, సమయమూ స్థలమూ పనితో ముడిపడి ఉంటే, పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలని అందులో రాశారు. 2025 జూలైలో సుప్రీం కోర్టు ఇదే న్యాయాన్ని ఉద్యోగుల నష్టపరిహార చట్టానికీ వర్తింపజేసింది. ఆ కేసులో చనిపోయింది మహారాష్ట్రలోని ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్. 2003లో తెల్లవారుజామున డ్యూటీకి పోతూ ప్రాణం పోగొట్టుకున్నాడు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కూడా ఈ రక్షణ ఉంది. ఆ కొత్త స్మృతుల మీద మన విమర్శలు మనకున్నా, ఈ ఒక్క రక్షణను ప్రతి సభ్యుడూ తెలుసుకుని ఉండాలి. దారిలో దెబ్బ తగిలితే ఆ రోజు షిఫ్టు, సమయం, స్థలం, చూసినవాళ్ళ వివరాలు రాసి ఉంచండి. యూనియన్ ఆఫీసుకు వెంటనే తెలియజేయండి.

ఇప్పుడు ఆలోచించండి. పనికి పోయే దారి పనిలో భాగమే అని చట్టమూ ఒప్పుకుంది, కోర్టూ ఒప్పుకుంది. అయితే ఆ పనిచోటుకు కంచె ఏది? పడ్డాక డబ్బిచ్చే చట్టం వచ్చింది గాని, పడకుండా చూసే బాట రాలేదు. 2022 ఒక్క ఏడాదిలో ఈ దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. అందులో నడిచిపోతూ చనిపోయినవాళ్ళు 32 వేలకు పైన, సైకిలు మీద చనిపోయినవాళ్ళు 4,800కు పైన. ఏదైనా ఒక పరిశ్రమలో ఏడాదికి ఇంతమంది చనిపోతే ఆ పరిశ్రమను మూయించమని దేశమంతా హర్తాళ్ చేస్తాం. రోడ్డు మీద కాబట్టి పేపర్లో నాలుగు లైన్లతో సరిపెడుతున్నాం.

కాగితం మీద బాటలు

బాట ఎలా వేయాలో ప్రభుత్వానికి తెలియదా? బాగా తెలుసు. సైకిలు దారులు ఎలా కట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే నియమావళి రాసింది, 2015లో దాన్ని సవరించింది. 2006లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. రోడ్డు మీద చోటు పంచేటప్పుడు బండ్లను కాదు, మనుషులను లెక్కలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. నడిచేవాళ్ళకూ సైకిలుకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఉంది. మాటలకు లోటు లేదు.

బెంగళూరులో ఏం జరిగిందో చూద్దాం. జయనగర్‌లో సైకిలు ట్రాకు వేశారు. కొద్ది రోజులకే దాని మీద కార్లు నిలిచాయి. 2020లో కోవిడ్ కాలంలో అవుటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు వైపు నుండి సుమారు 17 కిలోమీటర్లు సైకిలు దారి గీసి, పక్కన ప్లాస్టిక్ స్తంభాలు పాతారు. కేంద్రం ఆ ఏడాది పెట్టిన సైకిలు పోటీలో బెంగళూరుకూ, మన ఆజంజాహి మిల్లు ఊరు వరంగల్‌కూ 2021లో బహుమతులు వచ్చాయి. ఫోటోలు పడ్డాయి. తర్వాత స్తంభాలు విరిగాయి, కొన్ని పీకేశారు, మెట్రో పనులు వచ్చాయి, దారి మాయమైంది. 2021 చివరలో నడకకూ సైకిలుకూ హక్కు కల్పించే బిల్లు ముసాయిదాను రాష్ట్ర రవాణా అధికారులు తయారుచేశారు. ఏళ్ళు గడిచినా అది ముసాయిదా గానే నలుగుతోంది.

ఎందుకు ఇలా జరిగింది? నాకు తోచిన కారణాలు మూడు. ఒకటి, రంగుతో గీసిన గీతను బాట అన్నారు. గీత లారీని ఆపదు. రెండు, కట్టినవాళ్ళు కట్టి పోయారు. ఊడ్చేదెవరు, కారు నిలిపితే ఫైను వేసేదెవరు, విరిగిన చోట బాగుచేసేదెవరు అన్నదానికి మనిషీ లేడు, డబ్బూ లేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. సైకిలు మీద బతికేవాళ్ళను అడిగి దారి ఎక్కడ కావాలో నిర్ణయించలేదు. బాట పోయినప్పుడు "మా బాట ఏది?" అని అడగడానికి సంఘటితంగా ఎవరూ లేరు. అది మన బాట అని మనకే అనిపించలేదు. దిక్కులేని ఆస్తికి కబ్జాదారులు ఎక్కువ.

హైదరాబాదులో 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు ప్రారంభించారు. పైన సౌర ఫలకాల కప్పు, కింద చల్లని నీడ. మంచిదే, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఆదివారం పొద్దున కారు వెనక సైకిలు కట్టుకొచ్చి తొక్కేవాళ్ళకు అది ఉపయోగపడినంతగా, రోజూ షిఫ్టుకు పోయే కూలి మనిషికి ఉపయోగపడుతుందా? నీడ కావలసింది షిఫ్టుకు పోయే దారి మీద. ప్రభుత్వాలకు సైకిలు గుర్తొస్తోంది గాని సైకిలు తొక్కే పేదవాడు గుర్తు రావడం లేదు.

డబ్బు లేదంటారు

ఖజానాలో డబ్బు లేదని మొదటి సమాధానం వస్తుంది. హెబ్బాళ నుండి సిల్క్ బోర్డు దాకా పదహారు కిలోమీటర్లకు పైగా భూమి కింద సొరంగం తవ్వి కార్లు పోనివ్వాలని కర్ణాటక ప్రభుత్వం ప్రతిపాదించింది. దాని అంచనా 17 వేల కోట్ల రూపాయలకు పైన. టోలు కట్టి పోయే దారి అది. మన సైకిలుకు అందులో చోటుండదని వేరే చెప్పనక్కర్లేదు. ఆ అంచనాలో నూటికి ఒక్క రూపాయి తీసి పక్కన పెట్టినా 170 కోట్లవుతుంది. ఫ్యాక్టరీ వాడల చుట్టూ గట్టు కట్టిన బాటలు మొదలుపెట్టడానికి అది చిన్న మొత్తం కాదు. సైకిలు బాటకు సొరంగం తవ్వనక్కర్లేదు, స్తంభాలు లేపనక్కర్లేదు, భూమి సేకరించనక్కర్లేదు. ఉన్న రోడ్డులో రెండు మీటర్లు, ఒక కాంక్రీటు గట్టు, వీధి దీపాలు, నిలిపిన కార్లను తీయించే ధైర్యం కావాలి. కొరత డబ్బుకు కాదు, ఆ చివరిదానికి.

మెట్రోకు మనం వ్యతిరేకం కాదు. 2014లో పీణ్యకు మెట్రో వచ్చింది. 2025 ఆగస్టులో ఆర్‌వి రోడ్డు నుండి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల పసుపు మార్గం తెరిచారు. హోసూరు రోడ్డు గార్మెంటు కార్మికులుండే చోట్ల మీదుగా అది పోతుంది. కానీ అదే 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 నుండి 90 రూపాయలకు పెంచారు. పైగా స్టేషను దిగాక గేటు దాకా రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆ దూరానికి ఆటో అడిగే ధర మీకు తెలుసు. అక్కడ ఒక భద్రమైన సైకిలు స్టాండు, గేటు దాకా ఒక బాట ఉంటే వేల కోట్లు పోసి కట్టిన మెట్రో కూడా కార్మికునికి అక్కరకొస్తుంది. మైసూరులో 2017లో ట్రిన్ ట్రిన్ పేరుతో 450 సైకిళ్ళు, 48 స్టాండ్లతో అద్దె సైకిళ్ళ పథకం ప్రభుత్వ చొరవతోనే మొదలైంది. మైసూరులో చేయగలిగింది రాజధానిలో చేతకాదా?

"సైకిళ్ళు ఎవరు తొక్కుతున్నారు, అందరూ బైకులు కొనేశారు" అని రెండో మాట. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా పోతున్నారని అడిగారు. వ్యవసాయం కాని పనులకు పోయేవాళ్ళలో నూటికి 13 మంది సైకిలు మీద పోతున్నామన్నారు. తర్వాత తగ్గి ఉండవచ్చు. ఎందుకు తగ్గారు? జీతాలు పెరిగి కాదు. ప్రాణభయంతో అప్పు చేసి బండి కొన్నారు. నెలనెలా కిస్తు, లీటరు నూరు దాటిన పెట్రోలు, ఇన్సూరెన్సు: ఈ మూడూ కలిపి ఎంత జీతం తింటున్నాయో మీ ఇంట్లో ఒక కాగితం మీద రాసి చూడండి. మనం సమ్మె చేసి సాధించిన డి.ఎ. ఎటు పోయిందో తెలుస్తుంది. కుళాయి వేయని వీధిలో బిందెల వరుస కనబడలేదు కాబట్టి ఆ వీధికి నీళ్ళక్కర్లేదు అన్నట్టుంది వీళ్ళ వాదన.

"యాజమాన్యాలే బస్సు పెట్టాలి గదా" అని మనలోనే కొందరంటారు. పెట్టాలి, ఆ డిమాండు వదలం. కానీ కంపెనీ బస్సు పర్మనెంటు వాళ్ళకు. బదిలీ కార్మికుడికి, కాంట్రాక్టు కార్మికురాలికి, పని వెతుక్కుంటూ గేటు గేటూ తిరిగేవాళ్ళకు ఏ బస్సు? పైగా యాజమాన్యం ఇచ్చింది యాజమాన్యం తీసేయగలదు. సమ్మె జరిగిన మరునాడు మొదట ఆగేది ఆ బస్సే. ప్రజాధనంతో వేసిన బాట మాత్రం అందరిదీ. సమ్మె రోజు కూడా దాని మీద గేటుకు రావచ్చు!

ఆడవాళ్ళ మాట

2023 జూన్ నుండి కర్ణాటకలో ఆడవాళ్ళకు సాధారణ బస్సుల్లో టికెట్టు లేదు. గార్మెంటు అక్కచెల్లెళ్ళకు అది నిజమైన మేలు. దాన్ని కాపాడుకోవాలి. అయినా బస్సు మెయిన్ రోడ్డు దాకానే. అక్కడి నుండి చీకట్లో, ఫుట్‌పాత్ లేని సందుల్లో నడక మాత్రం వాళ్ళదే.

పక్క రాష్ట్రం తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం, కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పింది. రాతి క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలకు వేలు నేర్చుకున్నారు. మొదట మగవాళ్ళు వెక్కిరించారు. ఆడవాళ్ళు బస్సు కోసం, భర్త కోసం, అన్న కోసం ఎదురుచూడడం మానేశారు. బీహారులో 2006 నుండి బడి ఆడపిల్లలకు సైకిలు కొనడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేలింది. కర్ణాటక కూడా 2006-07 నుండి ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్ళిచ్చింది. ప్రజాధనం సైకిలు మీద పెడితే వృథా కాదని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఆ సైకిలు తొక్కి బడికి పోయిన పిల్లలే ఈ రోజు ఎందరో మన లైన్లలో మిషను కుడుతున్నారు. ఊళ్ళో సైకిలు తొక్కిన అమ్మాయి బెంగళూరు వచ్చి ఎందుకు మానేసింది? ఆమెకు తొక్కడం మరిచిపోలేదు. మనమే ఆమెకు రోడ్డు మీద చోటివ్వలేదు.

2016 ఏప్రిల్‌లో పి.ఎఫ్. డబ్బు తీసుకోవడం మీద కేంద్రం ఆంక్షలు పెడితే, బొమ్మనహళ్ళి గార్మెంటు ఆడవాళ్ళు హోసూరు రోడ్డు మీద కూర్చున్నారు. రెండు రోజుల్లో ప్రభుత్వం ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఆ రోజు ఆ రోడ్డు మొత్తం వాళ్ళది. మిగిలిన రోజుల్లో దాని అంచున రెండు మీటర్లు వాళ్ళకు ఇవ్వమనడం అత్యాశా?

ఎవరూ ఊరికే ఇవ్వలేదు

హాలెండులో అందరూ సైకిలే తొక్కుతారు, అది వాళ్ళ అలవాటు అంటారు. తప్పు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేలకు పైగా చనిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అక్కడి పట్టణాలు కూడా కార్ల కోసం వీధులు కూలగొట్టే దారిలోనే ఉన్నాయి. తల్లిదండ్రులు "పిల్లల హత్యలు ఆపండి" అన్న పేరుతో వీధుల్లోకి వచ్చారు, రోడ్ల మీద బైఠాయించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. అప్పుడు ప్రభుత్వం దిగి వచ్చి బాటలకు డబ్బు పెట్టింది. ఈ రోజు అక్కడ జరిగే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే. అదీ పోరాడి తెచ్చుకున్నదే, మన ఎనిమిది గంటల పని లాగా.

మరి మనం ఏం చేశాం? ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. డిమాండ్ల పత్రాల్లో క్యాంటీను టీ రేటు గురించి రాశాం, యూనిఫారం బట్ట గురించి రాశాం. సైకిలు స్టాండుకు రేకుల కప్పు అడగాలని మనకు తోచలేదు. నాయకత్వంలోకి వచ్చినవాళ్ళు ముందుగా సైకిలు వదిలి మోటారు సైకిలెక్కారు. ఈ రాస్తున్నవాణ్ణీ అందులోంచి మినహాయించనక్కర్లేదు. సైకిలు దిగగానే సైకిలు సమస్య కూడా మనసులోంచి దిగిపోయింది.

2025 సెప్టెంబరులో బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. రోడ్ల డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో కొత్తగా లెక్కలు వేసుకునే కాలం ఇది. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడు? అందుకని మన సంఘం ముందు, కార్పొరేషన్ల ముందు, రాష్ట్ర ప్రభుత్వం ముందు ఈ డిమాండ్లు పెడుతున్నాను:

1. పీణ్య, బొమ్మనహళ్ళి, మైసూరు రోడ్డు, హోసూరు రోడ్డు ఫ్యాక్టరీ వాడల చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర, కార్మికులుండే పేటల నుండి గేట్ల దాకా, కాంక్రీటు గట్టుతో విడిగా సైకిలు బాటలు వేయాలి. రంగు గీతలు మాకు వద్దు.

2. ప్రతి కార్పొరేషను రోడ్ల బడ్జెట్టులో నడకకూ సైకిలుకూ ఒక స్థిరమైన వాటా ఉండాలి. కట్టడానికే గాక ఊడ్చడానికి, దీపాలకు, మరమ్మతుకు కూడా అందులో డబ్బు రాసి పెట్టాలి.

3. మెట్రో స్టేషన్లలో, పెద్ద బస్సు స్టాపుల్లో కావలి ఉన్న ఉచిత సైకిలు స్టాండ్లు పెట్టాలి. పసుపు మార్గంతో మొదలుపెట్టాలి.

4. ప్రతి ఫ్యాక్టరీలో కప్పున్న సైకిలు స్టాండు, గాలి పంపు ఉండాలి. సైకిలు కొనడానికి వడ్డీ లేని అడ్వాన్సు ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇది వర్తించాలి.

5. నడక, సైకిలు హక్కుల బిల్లును శాసనసభలో పెట్టి చట్టం చేయాలి.

6. బాట పేరు చెప్పి తోపుడు బండ్లవాళ్ళను, పూలమ్మే అమ్మలను వెళ్ళగొట్టరాదు. చోటు తీయవలసింది నిలిపిన కార్ల దగ్గర నుండి, మన సాటి శ్రమజీవుల దగ్గర నుండి కాదు.

అడగడంతో సరిపోదు. వచ్చే నెలలో ప్రతి గేటు కమిటీ ఒక పని చేయాలి. మూడు షిఫ్టుల్లోనూ ఎంతమంది సైకిలు మీద వస్తున్నారు, ఎంతమంది నడిచి వస్తున్నారు, ఎంత దూరం నుండి, దారిలో ఏ మలుపు దగ్గర భయం, ఇంతకుముందు ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలింది అని ఒక నోటు పుస్తకంలో రాయండి. "బాట ఉంటే సైకిలు తొక్కుతావా అక్కా?" అని ఆడవాళ్ళను ప్రత్యేకంగా అడగండి. మన దగ్గర లెక్క ఉంటే ఆఫీసరు "ఎవరు తొక్కుతున్నారు" అని అడిగినప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టవచ్చు.

మిషనుకు కంచె ఎవరో దయతో కట్టలేదు. చేతులు పోగొట్టుకున్నవాళ్ళ తరఫున మిగిలినవాళ్ళు కొట్లాడితే వచ్చింది. రోడ్డుకు కూడా కంచె అలాగే వస్తుంది. రాత్రి షిఫ్టు విడిచాక ఆఖరున గేటు దాటే ఆ సైకిలు మనిషి క్షేమంగా ఇల్లు చేరడం మన సంఘం బాధ్యత. అతను ఇల్లు చేరేదాకా మన షిఫ్టు అయిపోయినట్టు కాదు.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!